బెంగళూరు నుంచి హైదరాబాద్‌కి విమానం అరగంటలో ఎందుకు చేరదు?

మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఉండే తెలుగువాళ్ల ఇళ్లలో ఈ లెక్క ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. దేవనహళ్లి ఎయిర్‌పోర్టు నుంచి శంషాబాద్‌కి గాల్లో నేరుగా కొలిస్తే దాదాపు 455 కిలోమీటర్లు, మామూలు ఎయిర్‌బస్ విమానం పైకెళ్లాక గంటకి 830 కిలోమీటర్ల దాకా పోతుంది, అంటే 33 నిమిషాలు సరిపోవాలి. మరి టికెట్ మీద గంటా పది, గంటా పదిహేను అని ఎందుకుంటుంది?

భాగహారంలో తప్పేమీ లేదు. ఆ 830 వేగం దారిలో ఎంతసేపు ఉంటుందన్నదే ప్రశ్న. విమానం 36 వేల అడుగులు ఎక్కడానికి ఇరవై నిమిషాలు పడుతుందనుకోండి, ఆలోపే 200 కిలోమీటర్లు వెళ్లిపోతుంది. ఇక దిగేటప్పుడు వెయ్యి అడుగులకి సుమారు ఐదున్నర కిలోమీటర్లు ముందుకు సాగాలి కాబట్టి శంషాబాద్ ఇంకా 200 కిలోమీటర్లు ఉండగానే పైలట్ ఇంజన్ల జోరు తగ్గించాలి. నేల మీద చూస్తే ఎక్కడం ఇంచుమించు గుత్తి దాకా, దిగడం డోన్ దగ్గర్నుంచి. పూర్తి వేగానికి మిగిలేది ఆ మధ్య ముక్కే, మహా అయితే నాలుగైదు నిమిషాలు! అందుకే ఇంత దగ్గరి దూరాలకి చాలాసార్లు అంత ఎత్తుకి వెళ్లరు కూడా. 10 వేల అడుగుల కింద మామూలుగా 460 కిలోమీటర్ల వేగం దాటకూడదన్న నియమం వేరే ఉంది.

పైగా రెండు చోట్లా రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి, మనం వెళ్లాల్సిందేమో ఉత్తరానికి. విమానం గాలికి ఎదురుగానే లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది కాబట్టి లేచాక ఓ మలుపు, దిగే ముందు ఇంకో మలుపు తప్పవు. టికెట్ మీద టైమ్‌లో గేటు వదిలి రన్‌వే చేరడం, దిగాక మళ్లీ గేటు దాకా రావడం, కాస్త ఆలస్యమైనా ఇబ్బంది లేకుండా కంపెనీ కలుపుకునే నిమిషాలు అన్నీ ఉంటాయి.

దూర ప్రయాణాల్లో కథ మారుతుంది, అక్కడ పెత్తనమంతా గాలిదే. 2016 అక్టోబరులో ఎయిరిండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి అట్లాంటిక్ దారి మానేసి పసిఫిక్ మీదుగా వెళ్లింది. దూరం 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకి పెరిగినా పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది, అంటే ముందుకన్నా దాదాపు రెండు గంటలు తక్కువ. పడమర నుంచి తూర్పుకి నదిలా పారే జెట్ స్ట్రీమ్ వెనక నుంచి తోసింది మరి.

భూమి కింద తిరుగుతోంది కాబట్టి టైమ్ కలిసొస్తుందని చాలామంది అంటారు, అది నిజం కాదు. భూమితోపాటే గాలీ తిరుగుతుంది, ఆ గాల్లోనే విమానం ఉంటుంది. భూమధ్యరేఖ వైపు వేడికీ ధ్రువాల చలికీ ఉన్న తేడా వల్ల గాలి ఉత్తరానికి కదలబోతే భూభ్రమణం దాన్ని తూర్పుకి మళ్లిస్తుంది, అలా పుడుతుంది జెట్ స్ట్రీమ్. భూమి పాత్ర అంతవరకే.

అటు నుంచి వచ్చేటప్పుడు అదే గాలి ఎదురు కొడుతుంది. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్, అందరూ మహిళలే ఉన్న పైలట్ల బృందంతో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి మొదటి నేరు విమానాన్ని నడిపినప్పుడు పసిఫిక్ వైపు రాలేదు. ఉత్తర ధ్రువం మీదుగా వచ్చారు, సుమారు 14 వేల కిలోమీటర్లు, 17 గంటలు.