నైట్ విజన్ గాగుల్స్‌లో డిఫ్రాక్టివ్ లెన్స్: అపోహలు - వాస్తవాలు

మొన్న మళ్లీ అదే ఫోన్. గుంటూరులో చదువుకుని ఇప్పుడు నైట్ విజన్ గాగుల్స్‌కి డిఫ్రాక్టివ్ లెన్స్, అంటే సన్నటి వలయాల గీతలతో కాంతిని వంచే లెన్స్, డిజైన్ చేస్తున్న అమ్మాయి. "సార్, సాఫ్ట్‌వేర్‌లో స్పాట్, కాంతి కూడే చుక్క, సూదిమొనలా వచ్చింది. లెన్స్ చేయించాక దీపాల చుట్టూ పొగ. ఉద్యోగం ఉంటుందా?" ఏడుపు ఒక్కటే తక్కువ.

అపోహ: స్పాట్ బాగుంటే డిఫ్రాక్టివ్ లెన్స్ బాగున్నట్టే.

వాస్తవం: కాదమ్మా. గీతలు కాంతిని కొన్ని దారుల్లోకి చీలుస్తాయి, వాటినే ఆర్డర్లంటాం. మామూలు రే ట్రేసింగ్, అంటే కిరణాల దారి లెక్కకట్టే సాఫ్ట్‌వేర్, కాంతినంతా మనకి కావలసిన మొదటి ఆర్డర్‌లోకే తోలేస్తుంది. నిజం కాంతి అంత బుద్ధిగా నడవదు. గీత లోతు 750 నానోమీటర్ల తరంగానికి సరిపోయేలా పెట్టామనుకోండి, యాక్రిలిక్‌లో అది సుమారు ఒకటిన్నర మైక్రాన్. ఆ ఒక్క తరంగానికే లెక్క ప్రకారం నూటికి నూరు శాతం కాంతి మొదటి ఆర్డర్‌లోకి వెళ్తుంది. 900 దగ్గర 91 శాతమే, 600 దగ్గర 81. మిగతాది చాలావరకు సున్నా, రెండో ఆర్డర్లలోకి పోయి, ఫోకస్ కాకుండా పరుచుకుంటుంది. గాగుల్స్‌లో మసక వెలుగుని పెంచే మూడో తరం గొట్టం, జెన్ 3 ట్యూబ్, పనిచేసేది సరిగ్గా ఈ మేరలోనే. ఆ చెదిరిన కాంతినీ వేల రెట్లు పెంచి మన కంట్లో కొడుతుంది.

నాకూ ఒకసారి చేతులు కాలాయి. దసరా రోజుల్లో, మా వన్‌టౌన్ డాబా మీద నుంచి నా మొదటి డిఫ్రాక్టివ్ ఆబ్జెక్టివ్‌ని (గాగుల్స్ ముందు లెన్స్) ఇంద్రకీలాద్రి వైపు తిప్పాను. కొండంతా విభూతి పూసినట్టుంది. మా అమ్మ చూసి "మంచు భలే పడుతోందిరా" అంది. వజ్రపు మొనతో ఆ గీతలు కోసిన డైమండ్ టర్నింగ్ బిల్లు బావమరిది దగ్గర అప్పు తెచ్చి కట్టాను.

అలాగని గీతలు దండగా? కాదు. డిఫ్రాక్టివ్ డిస్పర్షన్, అంటే రంగుల్ని విడదీసే తీరు, గాజుకి తిరగబడి ఉంటుంది: దాని కొలత అయిన ఆబే సంఖ్య దృశ్యకాంతిలో మైనస్ 3.45. అందుకే బరువైన ఫ్లింట్ గాజు లేకుండానే రంగులు సర్దుకుంటాయి. గంటలు గంటలు నుదుటి మీద మోసేవాడి మెడకి ఆ తేడా తెలుస్తుంది. ఆ గీతల్ని ఐపీస్‌లో, అంటే కంటి దగ్గరి లెన్స్‌లో, పెట్టండి. ట్యూబ్ వెనక తెర మీద పచ్చగా వెలిగే పూత, పీ43 ఫాస్ఫర్, వెలుగు చాలావరకు 545 నానోమీటర్ల చుట్టూనే ఉంటుంది కాబట్టి అక్కడ పొగ బాధ తక్కువ.

మిగతావి గబగబా. ఆ గీతలు గీరుకుపోయినవి కావు. చిమ్మచీకట్లో ఈ గాగుల్స్‌కి ఏమీ కనపడదు, చుక్కల వెలుగైనా కావాలి. వేడిని చూసే థర్మల్ కెమెరా వేరే సంగతి, దాని లెన్సులు చాలావరకు జెర్మేనియంవి. గోడ అవతల కనపడుతుందా అని అడిగేవాళ్లకి నేను జవాబివ్వను.

ఆ అమ్మాయికీ గీతల్ని ఐపీస్‌కి మార్చమనే చెప్పాను. కాసేపాగి, "సార్, మాది వైట్ ఫాస్ఫర్ ట్యూబ్" అంది. దాని వెలుగు ఒక్కచోట ఉండదు, అంతటా పరుచుకుని ఉంటుంది. సరే, స్పెక్ట్రమ్ షీటు పంపమన్నాను. మళ్లీ లెక్క మొదలు.