చిల్లర డబ్బాలో వెండి: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఇప్పటి చిల్లరలోనూ ఓపిగ్గా వెతికితే వెండి నాణెం దొరుకుతుంది

దొరకదు. ఇప్పుడు చేతులు మారే రూపాయి, రెండు రూపాయల బిళ్లలు స్టెయిన్‌లెస్ స్టీలువి. లావుగా, 9 గ్రాములుండే పాత ఐదు రూపాయల బిళ్ల తెల్లగా మెరుస్తుంది కానీ, అది 75 శాతం రాగి, 25 శాతం నికెల్. వైష్ణోదేవి బొమ్మ ఉన్నదాంట్లోనూ వెండి లేదు. బ్రిటిష్ ఇండియా రోజువారీ చిల్లరలో వెండి 1945తో ఆగిపోయింది. అందుకే వెతకాల్సింది జేబులో కాదు, అమ్మమ్మ ట్రంకుపెట్టెలో, పూజగదిలో, ఎప్పుడో ముడివేసి అటకెక్కించిన చిల్లర మూటలో.

అపోహ: తెల్లగా, బరువుగా ఉండి రాజు తలకాయ ఉంటే అది వెండే

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ముందు సంవత్సరం చూడండి. 1835 నుంచి 1939 వరకు రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే పాత లెక్కలో సరిగ్గా ఒక తులం. అందులో వెండి 91.7 శాతం. అర్ధరూపాయి 5.83, పావలా 2.92 గ్రాములు. యుద్ధకాలంలో 1940 నుంచి 1945 వరకు వచ్చిన రూపాయిలో వెండి సగమే. మిగతాది 40 శాతం రాగి, 5 శాతం నికెల్, 5 శాతం జింకు. దాని అంచు మధ్యలో ఒక గాడి కనిపిస్తుంది. 1947 రూపాయి మీద కూడా ఆరవ జార్జి తల ఉంటుంది, వెనక పులి ఉంటుంది, బరువూ అదే 11.66 గ్రాములు. కానీ అది పూర్తిగా నికెల్. తూకం దాన్ని పట్టుకోలేదు, అయస్కాంతం పట్టుకుంటుంది. అర్ధరూపాయి, పావలా అంతకు ఏడాది ముందే, 1946లో, నికెల్‌కి మారాయి.

అయస్కాంతానికి అంటుకోనంత మాత్రాన వెండి అనుకోకండి. 1919 నాటి 8 అణాల బిళ్ల, ఎనిమిది పలకల 4 అణాల బిళ్ల రాగి–నికెల్‌వి. అవి అయస్కాంతానికి అంటవు. వీటి మీద ‘అణాలు’ అని ఇంగ్లీషులో ఉంటుంది. అదే విలువ వెండి నాణేల మీద రూపాయిలో సగం, పావు అని రాసి ఉంటుంది. బేడకి, అంటే రెండు అణాల బిళ్లకి, ఈ గుర్తు పనికిరాదు. గుండ్రంగా ఉండి 1917 లేదా అంతకుముందుదైతే వెండి, 1918 నుంచి వచ్చిన చదరపు బేడ రాగి–నికెల్.

చార్మినార్ ఉన్న నిజాం రూపాయి 11.18 గ్రాములే తూగుతుంది, వెండి చాలావాటిలో 81.8 శాతం. బరువు తక్కువుందని నకిలీ అనేస్తే పొరపాటే.

అనుమానం తీరకపోతే నీళ్ల పరీక్ష చేయండి. 0.01 గ్రాము చూపే తూకం మీద గ్లాసుడు నీళ్లు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నదారంతో కట్టి, అడుగుకీ గోడకీ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. బుడగలు అంటుకుంటే అంకె పెరుగుతుంది, కాబట్టి నాణేన్ని ఒకసారి కదిపి వాటిని వదిలించండి. 11.66 గ్రాముల రూపాయికి 1.13 దగ్గర చూపితే 91.7 శాతం వెండి. సగం వెండిదైతే 1.22, రాగి–నికెల్ అయితే 1.30 దగ్గర ఉంటుంది. అరిగిన నాణెమైతే, ముంచకముందు పొడిగా తూచిన బరువును ఈ అంకెతో భాగించండి: 10.3 వస్తే మంచి వెండి.

అపోహ: గాంధీ నాణెం మీద 1869 అని ఉంది, కాబట్టి అది పురాతనం

అది గాంధీజీ పుట్టిన సంవత్సరం. శతజయంతికి వచ్చిన ఆ వరుసలో పది రూపాయల నాణెం ఒక్కటే వెండిది: 15 గ్రాములు, 80 శాతం వెండి. అదే బొమ్మున్న రూపాయి నికెల్.

అపోహ: ఎంత పాతదైతే అంత ధర

1862 రూపాయిని అదే సంవత్సరంతో ఏళ్ల తరబడి ముద్రించారు. అందుకే అది విరివిగా దొరుకుతుంది. అరిగిన మామూలు రూపాయికి అందులోని శుద్ధ వెండి (అరగక ముందు 10.69 గ్రాములు) ధరే ఆధారం. 1911 రూపాయి సంగతి వేరు. అయిదవ జార్జి వస్త్రం మీది ఏనుగు తొండం పొట్టిగా పడి పందిలా కనిపించిందని అభ్యంతరాలు రావడంతో ఆ నాణేలను వెనక్కి తీసుకుని చాలావరకు కరిగించేశారు. 1939 రూపాయి నిజంగా అరుదు. అందుకే 1938లోని చివరి అంకె చెక్కి మార్చినవి తిరుగుతుంటాయి. భూతద్దంతో ఆ 9 చుట్టూ గీతలున్నాయేమో చూడండి.

అపోహ: తోమి మెరిపిస్తే ఎక్కువ ఇస్తారు

చింతపండు, విబూది, పళ్లపొడి దేనితో తోమినా పైపొర గీసుకుపోతుంది, సేకర్తలు వెనక్కి తిరిగి చూడరు. నల్లబడ్డ రంగే వాళ్లకు కావాలి. మట్టి ఉంటే మామూలు నీళ్లలో నానబెట్టి, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్దితే చాలు. హారంలో గుచ్చడానికి కొక్కెం అతికించిన నాణేనికి వెండి ధర మాత్రమే వస్తుంది. కొక్కెం పీకితే అతుకు మచ్చ మిగులుతుంది, కాబట్టి దాన్ని అలాగే ఉంచండి.

అపోహ: ముందు ఫీజు కడితే రిజర్వు బ్యాంకు పాత నాణేలు కొంటుంది

కొనదు. తన పేరు చెప్పి కమిషన్, పన్ను అడిగేవాళ్లను నమ్మొద్దని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది. అమ్మేటప్పుడు నాణెం రెండు వైపులా, అంచూ ఫొటో తీసి, బరువు రాసి పెట్టుకోండి. కనీసం ఇద్దరు వర్తకులకు చూపించి, ధర చెప్పేదాకా నాణెం మీ కళ్లెదుటే ఉండేలా చూసుకోండి.