ఒక్క క్రోనా మీది కొండరాక్షసుడు

చిన్నూలూ,

ఈ కవర్లో ఒక నాణెం పెట్టాను, చూశారా? ఐస్‌లాండ్ వాళ్ల ఒక్క క్రోనా. భూతద్దం కింద పెట్టి చూడండి. ఒకవైపు కాడ్ చేప. తిప్పితే, సూటిగా మన వైపే చూస్తున్న కొండరాక్షసుడు. ఆయనకి అక్కడ చోటు ఎలా దొరికిందో చెబుతాను.

ఫోన్లో బ్లూటూత్ ఆన్ చేస్తారు కదా, ఆ పేరు వెయ్యేళ్ల కిందట డెన్మార్క్‌ని ఏలిన హరాల్డ్ బ్లూటూత్ అనే రాజుది. ఒకసారి ఐస్‌లాండ్ ఓడ ఒకటి ఆ దేశపు తీరంలో పగిలిపోతే, రాజుగారి మనిషి సరుకంతా లాగేసుకున్నాడట. ఐస్‌లాండ్ జనం ఊరుకోలేదు, రాజు మీద తలా ఒక తిట్టు పద్యం కట్టారు! రాజుకి ఒళ్లు మండింది. దండెత్తే ముందు ఆనుపానులు చూసి రమ్మని ఒక మాంత్రికుణ్ణి తిమింగలం రూపంలో పంపాడు. తూర్పు తీరానికి వెళ్తే పాముల్ని వెంటేసుకుని డ్రాగన్ దిగొచ్చింది. ఉత్తరాన, రెక్కలు చాస్తే అటూ ఇటూ కొండలకి తగిలేంత పక్షి. పడమట రంకెలేస్తూ నీళ్లలోకి దూకిన ఆంబోతు. దక్షిణాన ఇనప కర్రతో మన రాక్షసుడు, కొండల్ని మించిన ఎత్తు. తిమింగలం వచ్చిన దారినే వెళ్లిపోయింది.

1981లో వంద పాత క్రోనాలకి ఒక కొత్త క్రోనా చేసి కొత్త నాణేలు వేసినప్పుడు ఆ కాపలాదారులు వాటి మీదికి వచ్చారు. ఒక్క క్రోనా మీద రాక్షసుడు ఒక్కడే. పై నాణేల మీద నలుగురూ ఉంటారు.

అంతకుముందు 1974లో, జనం అక్కడ కాపురం మొదలుపెట్టి 1100 ఏళ్లయిందని స్మారక నాణేలు వేశారు. పదివేల క్రోనాల బంగారు నాణెం మీద, అక్కడ మొట్టమొదట కాపురం పెట్టాడని చెప్పుకునే ఇంగోల్ఫ్ ఉన్నాడు. తన గద్దె స్తంభాల్ని సముద్రంలో విసిరి, అవి ఎక్కడ ఒడ్డుకి చేరితే అక్కడే ఇల్లు కడతానన్నాడాయన. వాటిని వెతకడానికే ఏళ్లు పట్టింది. దొరికిన చోటే ఇవాళ్టి రాజధాని రెయిక్యవిక్.

నాకు మాత్రం 500 క్రోనాల వెండి నాణెమే ఇష్టం. దాని మీద ఆవుని తోలుకెళ్తున్న ఆడమనిషి. అప్పట్లో ఆడవాళ్లు భూమి సంపాదించుకోవాలంటే ఒక నియమం ఉండేదని కథ. వసంతకాలంలో ఒక రోజు, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా, రెండేళ్ల పెయ్యని పట్టుకుని ఎంత నేల చుట్టి రాగలిగితే అంత నేలా ఆమెదే. పెయ్య దారిలో పచ్చగడ్డి చూసి ఆగిపోతే ఆవిడకి ఎంత టెన్షన్ పట్టుకునేదో!

మీ తాతయ్య