గుడ్లకు వేడినిచ్చే కొండచిలువలు

చాలా పాములు గుడ్లు పెట్టి తమ దారిన తాము వెళ్లిపోతాయి. మన నల్లమలలోనూ తూర్పు కనుమల్లోనూ తిరిగే కొండచిలువ అలా వెళ్లదు. ఆడ కొండచిలువ గుడ్లన్నీ కుప్పగా చేర్చి, వాటి చుట్టూ చుట్టలు చుట్టుకుని, దాదాపు రెండు నెలలు పొదుగుతుంది. ఆ రోజుల్లో సాధారణంగా తిండి ముట్టదు. చలి పెరిగితే కండరాలను ఉండుండి బిగిస్తుంది. దగ్గర నుంచి చూస్తే ఎక్కిళ్లు వచ్చినట్టు ఒళ్లంతా అదురుతూ ఉంటుంది. అలా పుట్టిన వేడితో గుడ్లు 30 డిగ్రీలకు పైనే ఉంటాయి. మామూలుగా ఎండ మీద ఆధారపడి బతికే జీవి, పిల్లల కోసం సొంతంగా వేడి పుట్టిస్తుందన్నమాట! పాముల గురించి నేను చదివిన వాటిలో ఇంత ఆశ్చర్యపరిచింది ఇంకోటి లేదు.

మన కొండచిలువది పైథాన్ ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు. దీని జాతులు పది దాకా ఉన్నాయి. సహజంగా ఉండేది ఆసియా, ఆఫ్రికా ఖండాల్లోనే. మనది భారత్, పాకిస్తాన్, నేపాల్, శ్రీలంకల్లో కనిపిస్తుంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దగ్గర చలికాలంలో ముళ్లపందుల బొరియల్లో తలదాచుకుని, ఎండెక్కాక బయటికొస్తుంది. బర్మా కొండచిలువ ఈశాన్య భారతం నుంచి వియత్నాం, దక్షిణ చైనా దాకా ఉంటుంది. సుమత్రా, బోర్నియో, మలయా ప్రాంతాల్లో పొట్టిగా, లావుగా ఉండే జాతులున్నాయి. అన్నిటికన్నా పొడవైన రెటిక్యులేటెడ్ పైథాన్‌ను మాత్రం ఇప్పుడు వేరే ప్రజాతిలో చేర్చారు.

దక్షిణాఫ్రికా కొండచిలువ పద్ధతి ఇంకోలా ఉంటుంది. గుడ్లుండే బొరియలోంచి బయటికొచ్చి, ఒళ్లు బాగా వేడెక్కేదాకా ఎండలో పడుకుని, ఆ వేడిని లోపలికి మోసుకెళ్తుంది. పొదిగే కాలంలో దాని ఒళ్లు నల్లబడుతుంది. పిల్లలు బయటికొచ్చాక కూడా కొన్నాళ్లు వాటితోనే ఉంటుంది. పశ్చిమ ఆఫ్రికాలోని బాల్ పైథాన్ చిన్నది. బెనిన్ దేశంలోని విదా పట్టణంలో దానికి గుడే ఉంది. మరోపక్క పెంపుడు జంతువుల వ్యాపారం కోసం వేలకొద్దీ పట్టుకుపోతున్నారు. ఇది నాకు బాధ కలిగించే విషయం.

బర్మా కొండచిలువదీ అదే కథ. తోలు, మాంసం, పెంపకం కోసం వేటాడటంతో సొంత గడ్డ మీద ముప్పులో పడింది. పెంచుకోవడానికి అమెరికా తీసుకెళ్లినవి ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో స్థిరపడ్డాయి. అక్కడ రకూన్లనే చిన్న జంతువులు, కుందేళ్లు దారుణంగా తగ్గిపోయాయి. 2010 జనవరి చలికి ఈ పాములు చాలా చచ్చిపోయాయి, కానీ అన్నీ కాదు. 2012లో అమెరికా వీటి దిగుమతిని నిషేధించింది. అప్పటికే అవి అక్కడ గుడ్లు పెట్టి పొదుగుతున్నాయి.