ఆస్పత్రి మంచానికి బీమా ఉంది, ఇంట్లో మంచానికి లేదు

పక్షవాతం వచ్చిన పెద్దాయన పది రోజులు ఆస్పత్రిలో ఉంటే పాలసీ ఉన్నవాళ్లకు బిల్లులో చాలా భాగం బీమా కంపెనీ కడుతుంది. డిశ్చార్జ్ అయ్యాక ఏళ్ల తరబడి ఆయన్ని లేపి కూర్చోబెట్టి, స్నానం చేయించి, డైపర్ మార్చే అటెండెంట్ జీతం మాత్రం పిల్లలదే. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో అసలు టెన్షన్ అప్పుడే మొదలవుతుంది. ఈ లోటు వెనక చాలా ఏళ్ల కథ ఉంది.

మన చట్టాలు మొదటి నుంచీ ఈ భారాన్ని కుటుంబం మీదే పెట్టాయి. వృద్ధ తల్లిదండ్రుల పోషణ కొడుకులదీ కూతుళ్లదీ అని హిందువులకు 1956 చట్టం చెప్పింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ దాన్ని అన్ని మతాలవారికీ వర్తింపజేసింది. 2007లో వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చాక ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్‌కు వెళ్తే సరిపోతోంది. అయితే భరణానికి నెలకు 10,000 రూపాయలే గరిష్ఠ పరిమితి. రాత్రీ పగలూ మనిషిని పెట్టుకోవడానికి అది ఏ మూలకూ చాలదు.

ఆ చట్టంలోని 23వ సెక్షన్ గురించి ప్రతి ఇంట్లోనూ తెలియాలి. తమను చూసుకోవాలనే షరతుతో రాసిచ్చిన ఆస్తిని, పిల్లలు మాట తప్పితే వెనక్కి తీసుకోవచ్చు. అలాంటి షరతు ఉండటం తప్పనిసరని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అందుకే గిఫ్ట్ డీడ్ రాసేటప్పుడు మొహమాటపడకుండా ఆ ఒక్క వాక్యం రాయించుకోవాలి.

ఇక బీమా. 1986లో ప్రభుత్వ కంపెనీలు తెచ్చిన మెడిక్లెయిమ్ ఆస్పత్రిలో చేరిన రోగిని దృష్టిలో పెట్టుకుని తయారైంది. ఆ తర్వాత వచ్చిన పాలసీలూ చాలావరకు అదే దారిలో నడిచాయి. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 65 ఏళ్ల ప్రవేశ పరిమితిని ఎత్తేసింది, పాత జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని వెయిటింగ్ పీరియడ్‌ను నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. అదే ఏడాది అక్టోబరులో 70 ఏళ్లు నిండినవారందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల కవరేజీ మొదలైంది. ఇవన్నీ పెద్దవాళ్లకు నిజంగా మేలు చేసే మార్పులే, కానీ డబ్బు వచ్చేది వైద్యానికే.

జర్మనీ 1995లో, జపాన్ 2000లో దీర్ఘకాలిక సేవకు విడిగా తప్పనిసరి బీమా పెట్టాయి. ఇంట్లో చూసుకునేవారు లేక ముసలివాళ్లు నెలల తరబడి ఆస్పత్రుల్లోనే ఉండిపోవడం జపాన్‌ను ఆ నిర్ణయానికి నెట్టిన కారణాల్లో ఒకటి. అక్కడ 40 ఏళ్లు నిండినవారంతా ప్రీమియం కడతారు. మనిషికి ఎంత సాయం కావాలో పరీక్షించి, ఏడు స్థాయుల్లో ఒకటి నిర్ణయించి, దాన్నిబట్టి ఇంటికి సహాయకులను పంపుతారు. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో, తల్లిదండ్రులు ఊళ్లోనో ఉంటున్న మన కుటుంబాలకు కావాల్సింది అలాంటి ఏర్పాటే. అది వచ్చేదాకా అటెండెంట్ ఖర్చు కోసం, హెల్త్ పాలసీతో కలపకుండా, నాన్న రిటైరయ్యే నాటి నుంచే వేరే ఎఫ్‌డీ పెట్టుకోవడం మంచిది.