ఆడియో మార్కర్లు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి: అపోహలు - వాస్తవాలు

నేను చెన్నై సాలిగ్రామంలో తెలుగు డబ్బింగ్, ఆడియోబుక్ ఎడిటింగ్ చేస్తుంటాను. ఒక పుస్తకం రికార్డింగ్‌ని ఒకరు ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో విని తప్పులు మార్క్ చేస్తారు, ఇంకొకరు రీపర్ అనే ఇంకోదాంట్లో కోస్తారు, చివరికి అది ప్రో టూల్స్ అనే మరోదానికి చేరుతుంది. ఈ దారిలో ఆడియో క్షేమంగానే వస్తుంది, పోయేది మార్కర్లే. మార్కర్ అంటే రికార్డింగ్‌లో ఒక చోటు తెలియడానికి పెట్టే గుర్తు, సాఫ్ట్‌వేర్ లోపల అది ఒక అంకె. ఆ అంకె దేనితో కొలిచింది, ఎక్కడి నుంచి కొలిచింది అన్న రెండూ దానితో పాటు రాకపోతే అది ఎందుకూ పనికిరాదు. కొత్తగా వచ్చే పిల్లలు నమ్మే మాటలు దాదాపు అన్నీ ఇక్కడే తప్పుతున్నాయి.

అపోహ: వేవ్ ఫైల్ పంపితే మార్కర్లు దాంట్లోనే వెళ్ళిపోతాయి.

వెళ్ళొచ్చు, వెళ్ళకపోవచ్చు. వేవ్ ఫైల్‌లో మార్కర్లకి చోటు ఉన్న మాట నిజం. క్యూ చంక్ అనే భాగంలో మార్కర్ స్థానాలు, దాని పక్కన మరో భాగంలో పేర్లు ఉంటాయి. కానీ అందులో రాయాలా వద్దా అన్నది సాఫ్ట్‌వేర్ ఇష్టం. ఆడిషన్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో సేవ్ చేసేటప్పుడు మార్కర్లు, మెటాడేటా చేర్చమనే టిక్ ఉండాలి. రీపర్‌లో రెండర్ చేసేటప్పుడు, అంటే చివరి ఫైల్ తీసేటప్పుడు, మార్కర్లను కూడా రాయమని విడిగా చెప్పాలి. ఆడాసిటీలో మార్కర్లని లేబుళ్ళు అంటారు, అవి ప్రాజెక్ట్‌లోనే ఉంటాయి. ఆడియోని వేవ్‌గా తీస్తే అవి రావు, లేబుళ్ళను వేరే టెక్స్ట్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయాలి. ప్రో టూల్స్‌లో మార్కర్లు మెమరీ లొకేషన్లుగా ఉంటాయి, అవి సెషన్ (అంటే ప్రాజెక్ట్) సొత్తు, ఆడియో ఫైల్‌వి కావు.

సీడీ కోసం తయారుచేసే క్యూ షీట్ ఇంకో సంగతి. అది వేరే టెక్స్ట్ ఫైల్, అందులో సెకనుకి 75 ఫ్రేములు. క్యూ చంక్‌కీ దానికీ పేరులో తప్ప సంబంధం లేదు.

అపోహ: టైమ్ టైమే కదా, ఎక్కడ తెరిచినా మార్కర్ అదే మాట మీద పడుతుంది.

ఎక్కువ పని పాడయ్యేది ఈ నమ్మకం వల్లే.

క్యూ చంక్‌లో ఉండేది సెకన్లు కాదు, శాంపిళ్ళు, అంటే ధ్వనిని సెకనుకి వేలసార్లు కొలిచిన ముక్కల లెక్క. 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేట్ అంటే సెకనుకి 48,000 శాంపిళ్ళు. 48 కిలోహెర్ట్జ్ ఫైల్‌లో సరిగ్గా 1 నిమిషం దగ్గరున్న మార్కర్ విలువ 28,80,000. ఆ ఫైల్‌ని 44.1కి మార్చినప్పుడు సాఫ్ట్‌వేర్ ఈ అంకెని కూడా తిరిగి లెక్కగట్టాలి. పాత అంకెనే వదిలేస్తే మార్కర్ 1 నిమిషం 5.3 సెకన్ల దగ్గర పడుతుంది. ఆడాసిటీ టెక్స్ట్ ఫైల్‌లో మాత్రం ఉండేవి సెకన్లే, దశాంశం తర్వాత ఆరు అంకెలతో. అందుకే శాంపిల్ రేట్ మారే పని ఉంటే నాకు ఆ టెక్స్ట్ ఫైల్ మీదే నమ్మకం.

సినిమా పనిలో టైమ్‌కోడ్ ఉంటుంది, అంటే గంట, నిమిషం, సెకను, ఫ్రేముల లెక్కలో స్థానం చెప్పే అంకె. సెకనుకి 23.976 ఫ్రేముల దగ్గర టైమ్‌కోడ్ ఒక గంట చూపించేసరికి నిజంగా గడిచేది 3,603.6 సెకన్లు. దాన్ని ఎవరైనా 24గా చదివితే గంట చివరి మార్కర్ 3.6 సెకన్లు తప్పుతుంది. ఆపాటికి డైలాగ్ అయిపోయి ఎదుటి పాత్ర మాట్లాడుతూ ఉంటుంది.

ఇక సున్నా ఎక్కడ? ఆడాసిటీకి ఫైల్ మొదలే సున్నా. ప్రో టూల్స్ సెషన్ 1 గంట టైమ్‌కోడ్‌తో మొదలవడం మామూలే. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ 1997లో తెచ్చిన బ్రాడ్‌కాస్ట్ వేవ్‌లో అయితే ఫైల్ ఎప్పుడు మొదలైందో అర్ధరాత్రి నుంచి గడిచిన శాంపిళ్ళ లెక్కలో రాసి ఉంటుంది.

తేడా ఎక్కడుందో పట్టుకోవడానికి నేను ఫైల్ మొదట్లో ఒక మార్కర్, చివర్లో ఒక మార్కర్ వినగానే తెలిసిపోయే శబ్దం మీద పెడతాను. అవతల తెరిచాక రెండూ ఒకే అంత జరిగి ఉంటే సున్నా తప్పు. మొదటిది కుదిరి, చివరిది మాత్రం జరిగితే రేటు తప్పు.

అపోహ: సీఎస్‌వీ ఉంటే చాలు, అన్నీ చదువుతాయి.

సీఎస్‌వీ, అంటే పట్టికని టెక్స్ట్‌గా రాసిన ఫైల్, ఒకటే కావచ్చు, లోపలి కాలమ్‌లు ఎవరివి వాళ్ళవే. ఆడిషన్ ఇచ్చే ఫైల్‌కి పేరు సీఎస్‌వీ అయినా మధ్యలో ఉండేది కామాలు కాదు, ట్యాబ్‌లు. రీపర్ ఇచ్చే టైమ్, మీ రూలర్ (పైన కనిపించే టైమ్ గీత) ఏ లెక్కలో ఉంటే ఆ లెక్కలో వస్తుంది. రూలర్ బార్లు, బీట్లలో ఉంటే అవే వస్తాయి, డైలాగ్ పనికి అవి దేనికీ కొరగావు. ముందు రూలర్‌ని సెకన్లకి మార్చి తర్వాతే ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆడాసిటీలో స్పెక్ట్రల్ సెలెక్షన్ (టైమ్‌తో పాటు ఫ్రీక్వెన్సీని కూడా ఎంచుకోవడం) మీద లేబుల్ పెడితే ప్రతి లేబుల్ కింద వెనకగీత (\) తో మొదలయ్యే అదనపు వరస వస్తుంది. ఇంకో సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చే ముందు ఆ వరసలు తీసేయాలి.

వీటన్నిటికంటే ఎక్సెల్‌తో జాగ్రత్త. 1:02.345 అని ఉన్న గడిని అది టైమ్ అనుకుని 01:02.3 అని చూపిస్తుంది. మళ్ళీ సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఆ కనిపించేదే ఫైల్‌లోకి వెళ్తుంది. 45 మిల్లీసెకన్లు పోయినట్టే. ‘క’, ‘ప’ లాంటి హల్లు మొదలు తెగిపోవడానికి అది చాలు. కాలమ్‌లను టెక్స్ట్‌గా ఇంపోర్ట్ చేసుకోండి, లేదా మామూలు టెక్స్ట్ ఎడిటర్ వాడండి.

అపోహ: మార్కర్లకి తెలుగులో పేర్లు పెట్టకూడదు.

పెట్టొచ్చు, ఎక్కడ పెడుతున్నామో చూసుకోవాలి. యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్ (అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతి) లో ఉన్న టెక్స్ట్ ఫైల్‌లో తెలుగు చక్కగా వెళ్తుంది. వేవ్ లోపలి పేర్లకి మాత్రం అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒకే ఎన్‌కోడింగ్ వాడవు, అందుకే అవతల ప్రశ్నార్థకాలు కనిపించొచ్చు. యూటీఎఫ్-8లో ‘తప్పు’ అన్న చిన్న మాటకే 15 బైట్లు పడతాయి, పొడుగు వాక్యాలైతే పరిమితి ఉన్న చోట మధ్యలో తెగిపోతాయి. నేను మార్కర్‌కి 012, 013 అని వరస నంబరే పెట్టి, “రెండో వాక్యంలో ళ బదులు ల పలికారు” లాంటి వివరం అదే నంబరుతో షీట్‌లో రాస్తాను.

అపోహ: విని మార్క్ చేయడానికి ఎంపీ3 సరిపోతుంది.

వినడానికి సరిపోతుంది. కానీ ఎంపీ3 తయారయ్యేటప్పుడు మొదట్లో కొంచెం నిశ్శబ్దం చేరుతుంది, కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని తీసేసి చూపిస్తాయి, కొన్ని తీయవు. “ఇక్కడ ఏదో తప్పుంది” అని చెప్పడానికి ఆ తేడా లెక్కలోకి రాదు. ఆ మార్కర్ మీదే కత్తిరించేట్టయితే వద్దు. సైజు సమస్య అయితే నాణ్యత పోకుండా సైజు తగ్గించే ఫ్లాక్ ఫార్మాట్‌లో పంపండి.

అపోహ: ఏఏఎఫ్ ఇస్తే అన్నీ వచ్చేస్తాయి.

ఏఏఎఫ్ అంటే ఎడిటింగ్ ప్రాజెక్ట్‌ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పంపే ఫైల్. దాంట్లో క్లిప్పులు, ఫేడ్‌లు వస్తాయి. మార్కర్ల మాట మాత్రం రెండు వైపులా ఏ సాఫ్ట్‌వేర్ ఉందో దాన్ని బట్టే. ప్రో టూల్స్‌కి చేర్చడానికి రీపర్ నుంచి మార్కర్లతో మిడి ఫైల్ (ధ్వని కాకుండా సంగీత సూచనలు ఉండే ఫైల్) తీసి ఇంపోర్ట్ చేసే దారి ఒకటుంది. మిడి టైమ్‌ని టిక్కుల్లో, అంటే బీట్ ముక్కల్లో, లెక్కపెడుతుంది కాబట్టి రెండు చోట్లా టెంపో (బీట్ల వేగం) ఒకటే ఉండాలి.

అపోహ: పోతే పోనీ, మార్కర్లే కదా, మళ్ళీ పెట్టుకోవచ్చు.

దీనికి నేను అస్సలు ఒప్పుకోను. పది గంటల పుస్తకాన్ని ఒకరు చెవి పెట్టి వింటే వచ్చిన ఫలితం ఆ మార్కర్లు. మళ్ళీ పెట్టడమంటే మళ్ళీ పది గంటలు వినడం, అదీ మొదటిసారి ఉన్న శ్రద్ధతో. పైగా మార్కర్ తప్పు డైలాగ్ మీద పడితే దాన్ని బట్టే పికప్ లిస్ట్ (మళ్ళీ రికార్డ్ చేయాల్సిన లైన్ల జాబితా) తయారవుతుంది, బాగున్న లైను మళ్ళీ చెప్పించడానికి ఆర్టిస్ట్‌ని పిలుస్తారు. అందుకే ఫైల్ పంపేటప్పుడు శాంపిల్ రేట్, ఫ్రేమ్ రేట్, సెషన్ మొదలయ్యే టైమ్, మొత్తం ఎన్ని మార్కర్లు అన్నవి నాలుగు లైన్లు రాసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. అందుకున్నవాళ్ళు పని మొదలుపెట్టే ముందు మార్కర్ల సంఖ్య సరిచూసి, మొదటిదీ చివరిదీ విని చూడాలి.