ముందు ఫోర్కు, ఆ తర్వాతే బ్రేకు

జమ్మలమడుగు

పిల్లలకు,

గండికోట గుట్టల్లో, పెన్న ఇసుకలో బండి తోలాలని మీకున్న ఉత్సాహం చూస్తే నాకు చాలా సంతోషంగా ఉంది. అయితే మీలో ఎక్కువమంది మొదట అడిగేది పెద్ద బ్రేకు డిస్కు ఎక్కడ దొరుకుతుందని. ఇప్పుడే డబ్బు అందులో పెట్టకండి. ముందు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని దెబ్బలు మింగే స్ప్రింగు గొట్టాల జత, సరిచేయండి, బ్రేకు సంగతి ఆ తర్వాత చూద్దాం.

ముందు బ్రేకు పట్టగానే బరువు ముందుకొచ్చి ఫోర్కు మీద పడుతుంది. చక్రం నేలను గట్టిగా అదుముతుంది కాబట్టే బండి ఆగుతుంది. ఫోర్కు మరీ మెత్తగా ఉంటే ఆ బరువుకు ఒక్కసారిగా కూర్చుండిపోతుంది. ఇంకా దిగడానికి దానికి చోటుండదు. సరిగ్గా అప్పుడే ఎర్రగుంట్ల వైపు గనుల దారుల్లో ఉండే నాపరాయి అంచు తగిలిందనుకోండి, దెబ్బ నేరుగా మీ మణికట్లకు వస్తుంది, చక్రం నేలను వదిలి ఎగురుతుంది. గాల్లో ఉన్న చక్రానికి ఎంత గొప్ప బ్రేకు ఉంటే మాత్రం ఏం లాభం?

హీరో ఎక్స్‌పల్స్ 200 బండినే తీసుకుందాం. ముందు చక్రం 21 అంగుళాలు, ఫోర్కు గొట్టం 37 మిల్లీమీటర్లు, ఫోర్కు దిగే దూరం 190 మిల్లీమీటర్లు. మీరు బండెక్కి కూర్చోగానే ఆ దూరంలో నాలుగో వంతు నుంచి కొంచెం ఎక్కువ దాకా, అంటే 50 మిల్లీమీటర్లు, కాస్త అటూ ఇటూ, దిగాలి. దీన్నే సాగ్ అంటారు. బండిని స్టాండు మీద పెట్టి, ముందు చక్రం గాల్లో ఉండగా మెరిసే గొట్టం ఎంత పొడవు బయటికుందో కొలవండి. తర్వాత హెల్మెట్, బూట్లు, బ్యాగు అన్నీ వేసుకుని ఎక్కి నిలబడండి, ఇంకొకరిని కొలవమనండి. రెండింటి తేడాయే సాగ్.

అది ఎక్కువొస్తే స్ప్రింగును కొంచెం ముందే నొక్కి పెట్టే ప్రీలోడ్ పెంచుతారు. అడ్జస్టర్ లేని ఫోర్కులో అయితే స్ప్రింగు పైన పొడవాటి స్పేసర్ (చిన్న గొట్టం ముక్క) వేస్తారు. ప్రీలోడ్ పెంచితే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు, బండి ఎత్తు మాత్రమే మారుతుంది. మీరు ఎక్కినప్పుడు సాగ్ సరిగ్గానే ఉండి, దిగాక బండి తన బరువుకు కొంచెం కూడా దిగకపోతే, ఆ స్ప్రింగు మీ బరువుకు చాలదని గుర్తు. అప్పుడు గట్టి స్ప్రింగే వేయించాలి. అబ్బీ, 55 కిలోల పిల్లవాడికి, 90 కిలోల మనిషికి ఒకే స్ప్రింగు ఎలా సరిపోతుంది?

స్ప్రింగు బరువు మోస్తుంది. ఫోర్కు కదిలే వేగాన్ని ఆపేది దాని లోపలి ఆయిల్. నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే, కొంచెం ఓపికగా చదవండి. సాదా ఫోర్కులో ఆయిల్ చిన్న రంధ్రాల గుండా పోవాలి. సిరంజిలో నీళ్ళు నింపి మెల్లగా నొక్కితే సులువుగా పోతాయి, ఒక్కసారిగా నొక్కితే వేలు నొప్పి పుడుతుంది. రంధ్రం గుణం అంతే: వేగం రెట్టింపైతే అడ్డు దాదాపు నాలుగింతలవుతుంది. బ్రేకు పట్టినప్పుడు ఫోర్కు దిగేది కొంత నిదానంగానే, అక్కడ అడ్డు చాలదు. రాతి అంచు తగిలినప్పుడు కదలిక చాలా వేగం, అక్కడ అడ్డు మితిమీరుతుంది. అందుకే ఒకే ఫోర్కు బ్రేకు దగ్గర మెత్తగా, రాళ్ళ దగ్గర మొద్దుగా అనిపిస్తుంది. చిక్కటి ఆయిల్ పోస్తే బ్రేకు దగ్గర బాగవుతుంది కానీ రాళ్ళ మీద ఇంకా మొండికేస్తుంది. దీనికి సరైన మందు కార్ట్రిడ్జ్ ఎమ్యులేటర్ అనే చిన్న వాల్వు. నిదానంగా కదిలితే అది మూసుకునే ఉంటుంది, ఆయిల్ సన్నటి దారిలోనే పోతుంది. గట్టి దెబ్బ తగిలితే దాని స్ప్రింగు నలిగి పెద్ద దారి తెరుచుకుంటుంది. మీ బండికి అది దొరికితే, నా మాట విని, డిస్కు కన్నా ముందు అదే కొనండి.

ఆయిల్ మట్టం వేరే సంగతి. ఆయిల్ పైన మిగిలిన గాలి ఫోర్కు చివరిదాకా దిగేటప్పుడు నలిగి రెండో స్ప్రింగులా పనిచేస్తుంది. గొట్టానికి ఒక కేబుల్ టై కట్టి ఒక రౌండు తిరిగి రండి, ఎంత దూరం దిగిందో అదే చూపిస్తుంది. ప్రతిసారీ అడుగు తగులుతుంటే ఆయిల్ మట్టం 5 మిల్లీమీటర్లు పెంచి మళ్ళీ చూడండి.

రేగడి నేలల్లో తిరిగొచ్చాక గొట్టం మీది బురద ఎండకముందే తడి గుడ్డతో తుడవండి. ఎండిన బురద, ఫోర్కు ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలును కోస్తుంది. సీలు పోతే ఆయిల్ జారి బ్రేకు ప్యాడ్ల మీదికొస్తుంది. ఆయిల్ తాగిన ప్యాడ్లను కడిగి వాడొద్దు, మార్చేయండి.

ఇక బ్రేకు. 276 మిల్లీమీటర్ల డిస్కు తీసి 300ది వేస్తే పట్టు సుమారు పదో వంతు పెరుగుతుంది, అంతే. దానికి కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) బ్రాకెట్ మార్చాలి, చక్రం బిగిసిపోకుండా చూసే ఏబీఎస్ సెన్సర్ రింగు సరిపోవాలి. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. పెద్ద కాలిపర్ ఒక్కటే వేసి లివరు దగ్గర బ్రేక్ ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ పాతదే ఉంచితే బ్రేకు లివరు ఇంకా లోపలికి పోతుంది, ఎందుకంటే పెద్ద పిస్టన్లను కదిలించడానికి ఎక్కువ బ్రేక్ ఆయిల్ కావాలి. గరుసు నేల మీద మనకు కావలసింది వేలితో కొలిచి పట్టగలిగే బ్రేకు, ఒక్కసారిగా చక్రం బిగిసే బ్రేకు కాదు. అందుకే బ్రేక్ ఆయిల్ పోయే గొట్టం స్టీలు అల్లిక ఉన్నది వేయించండి. రబ్బరు గొట్టంలాగా అది ఉబ్బదు. సింటర్డ్ ప్యాడ్లు (లోహపు పొడిని అదిమి చేసినవి) తడిలో, వేడిలో బాగా పట్టుతాయి, డిస్కును మాత్రం కొంచెం ఎక్కువ అరగదీస్తాయి.

బ్రేక్ ఆయిల్‌ను ఎవరూ పట్టించుకోరు. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి దిగిపోవచ్చు. మే నెల ఎండలో గండికోట దిగుడు మీద అది మరిగితే బుడగలు పుట్టి లివరు ఖాళీగా లోపలికి పోతుంది. రెండేళ్ళకోసారి మార్చి, బుడగలన్నీ పోయేదాకా బ్లీడింగ్ (గొట్టంలోని గాలి తీయడం) చేయించండి. లివరును నిలబడి తోలేటప్పుడు మణికట్టు వంగని కోణంలో పెట్టుకోండి, దానికి పైసా ఖర్చు లేదు.

ముందు చక్రం తిరిగి బిగించేటప్పుడు యాక్సిల్ (చక్రం ఇరుసు) బిగించాక, దాన్ని ఫోర్కుకు పట్టి ఉంచే పక్క బోల్టులు బిగించకముందే బ్రేకు పట్టి ఫోర్కును నాలుగైదుసార్లు కిందికి నొక్కండి. గొట్టాలు వాటి సూటిలో కూర్చుంటాయి.

మీ బరువు, సాగ్ కొలత, కేబుల్ టై ఎంత దిగిందో మూడూ రాసి పంపండి. ఏ స్ప్రింగు కొనాలో చెబుతాను.

మీ చిన్నాయన